ఒక్క పిలుపుకే పలికిన మాస్టారు

దర్జీ అమ్మాయి చంకలో పాపతో గేటు ముందు ఆటో దిగిన చోట కదా పోయిన వారం మనం విడిపోయాం! లోపల పంతులమ్మ బొంగరం అనే కుక్కకి నారింజ రంగు పని కోటు తొడుగుతోంది. మాస్టారు కుళాయి గట్టు మీద కూర్చుని, తెగిన తోలు పట్టీకి కుట్లు వేస్తున్నారు. ఆ అమ్మాయి రావడం ఇది మూడోసారి. ముందు రెండుసార్లూ కుక్క ఆమెని గోడకి కొట్టిన మేకుని చూసినట్టు చూసి వదిలేసింది. ఈసారి కూడా అంతే అయితే ఏం చెప్పి పంపాలో పంతులమ్మకి పాలుపోవడం లేదు.

ముప్పై ఏడేళ్ల కుక్కల బడి వాళ్లది. పెళ్లైన ఏడాదే మొదలుపెట్టారు. మొదట్లో కూర్చో, లే, చెప్పులు కొరక్కు అనే ఒకటో తరగతి పాఠాలే. తర్వాత చెవులు వినపడనివాళ్లకి తోడుండే కుక్కల్ని తయారుచెయ్యడం పట్టుబడింది. తలుపు కొట్టినా, ఫోను మోగినా, పిల్ల ఏడ్చినా, ఎవరైనా పిలిచినా కుక్క వచ్చి తన మనిషి మోకాలిని ముక్కుతో పొడవాలి. పొడిచి, చప్పుడైన చోటికి వెంటబెట్టుకుపోవాలి. పాఠం వేళ చప్పుళ్లు చెయ్యడం పంతులమ్మ వంతు, ఏమీ విననట్టు కూర్చోవడం మాస్టారి వంతు. ఆ చెవిటి వేషంలో ఆయన్ని కొట్టినవాడు లేడు. వీపు వెనక ఇత్తడి పళ్లెం పడేసినా కనురెప్ప అదిరేది కాదు.

అలా ఇరవై తొమ్మిది కుక్కలు ఇరవై తొమ్మిది ఇళ్లకి వెళ్లాయి. ముప్పయ్యోది బొంగరం. ఒక చెవి నిక్కపొడుచుకుని, ఒక చెవి వాలిపోయి, ఎప్పుడూ సగం మాటే వింటున్నట్టుండే గోధుమరంగు కుక్క. చిన్నప్పుడు తన తోకని తానే పట్టుకోబోయి గిర్రున తిరిగేది, అందుకే ఆ పేరు. అంత తెలివైన కుక్క తమ చేతిలో పడలేదని మాస్టారే అన్నారు. అలాంటిది ఇలా మొండికెయ్యడమేమిటో!

ఈ బెంగ ఒకపక్క ఉన్నా పంతులమ్మకి ఈ నాలుగు నెలలుగా ఓ పెద్ద సంతోషం కూడా ఉంది. పెళ్లైన నాటినుంచీ మాస్టారు నాలుగో పిలుపుకి గానీ పలికిన మనిషి కాదు. మొదటి పిలుపు గాలికి, రెండోది గోడకి, మూడోది పక్కింటివాళ్లకి, నాలుగోది ఆయనకి. అలాంటిది ఈమధ్య వంటింట్లోంచి ఒక్కసారి "ఏమండీ" అంటే చాలు, గుడ్లగూబ కళ్లేసుకుని గుమ్మంలో ప్రత్యక్షం. పక్కన తోకాడిస్తూ బొంగరం. ఆ ముచ్చట పట్టలేక పంతులమ్మ ఆడపడుచుకి ఫోన్ చేసి మరీ చెప్పుకుంది.

"మీ అన్నయ్యకి అరవై నాలుగో ఏట చెవులు మొలిచాయి వదినా!"

ఇక దర్జీ అమ్మాయి లోపలికి వచ్చింది. పాప నిద్రలో ఉంది. చాప మీద పడుకోబెట్టి, తను కుర్చీలో కూర్చుంది. పంతొమ్మిదో ఏట జ్వరం తగిలి వినికిడి పోయింది ఆమెకి. మాట పోలేదు గానీ, తన గొంతు తనకే వినపడదు కాబట్టి ఎప్పుడూ ఒకే ఎత్తులో, కాస్త గట్టిగా మాట్లాడుతుంది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటుంది.

పంతులమ్మ పక్కగదిలోకి వెళ్లి అలారం గడియారం మోగించింది. బొంగరం నిక్కిన చెవి ఇంకాస్త నిక్కింది. లేచింది. కుర్చీ దాకా వచ్చింది. కుక్క కుర్చీ దాటి, వసారా దాటి, మెట్లు దిగి, కుళాయి గట్టు దగ్గరికి పోయి మాస్టారి మోకాలిని పొడిచింది.

తలుపు కొట్టింది పంతులమ్మ. మళ్లీ కుళాయి గట్టుకే పోయింది కుక్క. ఫోను మోగించింది. మళ్లీ అక్కడికే.

ఆవిడకి ఒళ్లు మండింది. వసారాలోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మీరే ఏదో సైగ చేస్తున్నారు దానికి!"

మాస్టారు తలెత్తి ఆవిడ మొహం వంక చూసి నవ్వారు. "నేనేం చేశానోయ్! పట్టీ కుట్టుకుంటున్నాను కదా."

"మరి కోటు వేసుకుని పనిలో ఉన్న కుక్క మీ దగ్గరికెందుకు వస్తుంది?" అంటూనే ఆవిడ వెనక్కి తిరిగి కుక్క కోసం చిటిక వేసింది. "ఆ ఎడం జేబులో ఏముంది? ఉతికేటప్పుడల్లా బిస్కెట్ పొడి రాలుతోంది."

"పదకొండున్నర అవుతుందేమో" అన్నారు మాస్టారు వెనకనుంచి.

పంతులమ్మ దాన్ని వెటకారం అనుకుంది. ఈమధ్య ఆయనకి ఇలాంటి పెడసరపు హాస్యం ఎక్కువైంది. ఏదో అడిగితే ఏదో చెప్పి నవ్వుతారు. ఆవిడ విసురుగా లోపలికి నడవబోతే గుమ్మంలో దర్జీ అమ్మాయి నిలబడి ఉంది. కుక్కని చూడటం లేదు. మాస్టారినే చూస్తోంది, చొక్కాకి కొలతలు తీసేటప్పుడు చూసినంత శ్రద్ధగా.

"పంతులమ్మగారూ, మాస్టారికి ఎన్నాళ్లనుంచి వినపడట్లేదు?"

పంతులమ్మ నవ్వేసింది. "అయ్యో తల్లీ, అది ఆయన వేషం. పాఠం కోసం అలా ఉంటారు. ముప్పై ఏళ్ల అలవాటు."

"పాఠం అయిపోయింది కదండీ. ఆయన ఇంకా మీ నోరే చూస్తున్నారు. మీరు అటు తిరగ్గానే ఆయన మొహం ఎలా అయిపోయిందో మీరు చూళ్లేదు. నాకు ఆ మొహం తెలుసు. మొదటి ఏడాదంతా నాదీ అదే మొహం."

నవ్వు పంతులమ్మ పెదాల మీదే ఎండిపోయింది. పెడసరపు హాస్యాలు, జేబులో బిస్కెట్ పొడి, ఎప్పుడు చూసినా ఆయన కాళ్ల దగ్గరే కుక్క, అన్నీ వరసగా వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాయి. ఇంకా నమ్మబుద్ధి కాలేదు. ముప్పై ఏడేళ్లు కుక్కలకి పరీక్ష పెట్టిన మనిషి, మొగుడికి పెట్టలేదా?

బొంగరాన్ని గదిలోకి తీసుకుపోయి, గొలుసు అమ్మాయి చేతికిచ్చి, తలుపు మూసింది. మెట్లు దిగి, మాస్టారి వెనక మూడడుగుల దూరంలో నిలబడింది. ఆయన వంగి దారం కొరుకుతున్నారు.

"ఏమండీ."

దారం తెగింది. ఆయన సూదిలోకి మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టారు.

"ఏమండీ! ఇల్లంటుకుందండీ!"

పక్కింటి గోడ మీది కాకి ఎగిరిపోయింది గానీ మాస్టారు సూది బెజ్జం మీదనుంచి చూపు తిప్పలేదు.

పంతులమ్మకి ఏడవాలో కోప్పడాలో తెలియలేదు. ఆ తెల్లబోయిన జుట్టునీ, వంగిన వీపునీ చూస్తూ నిలబడితే, ఎందుకో ఆవిడ నోటివెంట చాలా ఏళ్ల నాటి మాట ఒకటి వచ్చేసింది.

"మీ చెల్లెలు అల్లి ఇచ్చిన ఆ ఆకుపచ్చ స్వెట్టరు ఎవరూ ఎత్తుకుపోలేదండీ. చలికి ఒణుకుతున్నాయని నేనే కుక్కపిల్లల కింద పరిచాను. చాకలిని అనవసరంగా తిట్టారు మీరు."

ఈ మాటకీ ఉలకలేదు, పలకలేదు. అప్పుడిక అనుమానం లేకపోయింది. వినపడి ఉంటే ఆ స్వెట్టరు మాటకి మాస్టారు లేచి నిలబడి ఉండేవారు.

నీడ పడిందో ఏమో ఆయన వెనక్కి తిరిగారు. భార్య మొహం చూశారు. చేతిలో సూది మెల్లిగా గట్టు మీద పెట్టారు.

"తెలిసిపోయిందా?"

"ఎన్నాళ్లనుంచి?" అంది ఆవిడ. ఈసారి ఆయన కళ్లలోకి చూస్తూ, పెదాలు విడివిడిగా కదుపుతూ.

"బాగా తగ్గిపోయి ఏడెనిమిది నెలలు. ముందు కుక్కపిల్లల కుంయ్ కుంయ్ పోయింది. పిల్లలు బుద్ధిమంతులయ్యాయనుకున్నాను. ఓ రోజు బొంగరం వచ్చి నన్ను లాక్కుపోతే, బుట్టలో పిల్ల ఒకటి తల ఇరుక్కుని నోరు తెరిచి ఏడుస్తోంది. నోరు కనపడుతోంది, ఏడుపు లేదు. అప్పుడు తెలిసింది. డాక్టరుకి చూపించాను. నరాలు ఎండిపోతున్నాయట. మిషను పెట్టుకుంటే కొంత మేలట."

"డాక్టరుకి చూపించారు, కుక్కకి చెప్పారు. నాకు చెప్పడానికే నోరు రాలేదు!"

మాస్టారు తల దించుకోబోయి, దించుకుంటే ఆవిడ మాట అందదని గుర్తొచ్చి ఆపుకున్నారు.

"చెబుదామనే వంటింట్లోకి వచ్చానోయ్ ఓ రోజు. నువ్వు పిలిచావని బొంగరం తీసుకొచ్చింది. నన్ను చూసి నీ మొహం ఎంత వెలిగిపోయిందో! 'ఒక్క పిలుపుకే వచ్చారే' అన్నావు. పెళ్లైనప్పట్నుంచి నేను నీకు పట్టుచీర కొన్నా అంత వెలగలేదు. ఆ తర్వాత నువ్వు చెల్లికి ఫోన్లో చెప్పుకుంటుంటే గుమ్మంలోనే ఉన్నాను. మాటలు అందలేదు గానీ, నవ్వు అందింది. అది ఎలా తీసేసుకోను నీ దగ్గర్నుంచి?"

పంతులమ్మ గట్టు మీద కూలబడింది. ఈ నాలుగు నెలలూ తనని అంత మురిపించింది మొగుడు కాదు, నాలుగు కాళ్ల బొంగరం! కోపం వచ్చింది, సిగ్గేసింది, ఆ రెండింటి వెనకనుంచి పొట్ట కదిలిస్తూ నవ్వు కూడా వచ్చింది. అది బయటపడకుండా పళ్లు బిగించింది. ఎందుకంటే అసలు తప్పు ఇంకా మిగిలే ఉంది.

"చెవులు పోవడం మీ తప్పు కాదు. నాకు చెప్పకపోవడం తప్పే, అది తర్వాత చూసుకుంటాను. కానీ ఆ దర్జీ పిల్ల కోసమని తయారుచేస్తున్న కుక్కని, కోటు విప్పాక కూడా మీ పనికి తిప్పుకున్నారు. బిస్కెట్లు పెట్టి మీకు అలవాటు చేసుకున్నారు. మూడుసార్లు చంటిపిల్లనేసుకుని వచ్చింది ఆ అమ్మాయి. 'కుక్కకి ఇంకా టైం పడుతుందమ్మా' అని మీరే చెప్పి పంపారు. ఆ మాట చెప్పేటప్పుడు తెలుసా, తెలియదా మీకు?"

"తెలుసు" అన్నారు మాస్టారు. "ఈసారి చెప్పేద్దాం, ఈసారి చెప్పేద్దాం అనుకుంటూనే..."

వెనక తలుపు తెరుచుకుంది. బొంగరం బాణంలా వచ్చి మాస్టారి కాళ్ల దగ్గర చతికిలబడింది. దర్జీ అమ్మాయి మెట్ల మీద నిలబడి ముగ్గురినీ చూసింది. కిటికీలోంచి వాళ్ల పెదాలన్నీ చదివేసిందని ఆమె మొహమే చెప్పింది.

"కుక్కని మాస్టారికే ఉంచెయ్యండి. దానికి మనిషి దొరికేశాడు. నేను ఇంకోదాని కోసం ఆగుతాను."

"ఇంకోటంటే ఏడాదిన్నర పడుతుంది తల్లీ" అంది పంతులమ్మ. "అంతవరకూ పాపనెలా చూస్తావు?"

ఆ అమ్మాయి పైట కొంగుకి అంటుకున్న దారప్పోగు ఒకటి లాగి వేలికి చుట్టుకుంది.

"ఇన్నాళ్లూ ఉయ్యాలకి దారం కట్టి, రెండో కొస నా కాలి బొటనవేలికి చుట్టుకునేదాన్ని. పాప కదిలితే దారం లాగేది. మిషను తొక్కుతూ కూడా తెలిసిపోయేది. ఓ రోజు దారం తెగిపోయింది, నేను చూసుకోలేదు. చొక్కాలకి కాజాలు కుడుతూ కూర్చున్నాను. వెళ్లి చూసేసరికి మొహం ఎర్రగా కందిపోయి ఉంది. సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చి ఎత్తుకుని, పాప గొంతు బొంగురుపోయిందేం అన్నాడు." వేలికి చుట్టిన పోగు విప్పేసింది. "ఇప్పుడు పాకడం మొదలెట్టింది. పాకే పిల్లకి దారం ఎక్కడ కట్టను?"

మాస్టారు అందినన్ని మాటలు ఆమె పెదాల మీదనుంచి ఏరుకున్నారు. ఏరుకున్నంత సేపూ చెయ్యి బొంగరం తల మీదే ఉంది. తర్వాత ఆ చెయ్యి తీసేసి, ఎడం జేబులోని బిస్కెట్ల పొట్లం బయటికి తీశారు. లేచి వెళ్లి, దాన్ని ఆ అమ్మాయి చేతిలో పెట్టారు.

"ఇది నీ కుక్కమ్మా. మధ్యలో నేను అడ్డం వచ్చాను. మళ్లీ నీకు అప్పజెప్పే పూచీ నాది."

"ఎలా చేస్తారు? మీరున్నంతసేపూ అది నా మొహం చూడదు. మీరు లేకపోతే మిమ్మల్ని వెతుక్కుంటుంది."

పంతులమ్మ అప్పటికే ఓ నిర్ణయానికి వచ్చేసింది. "ఆయన ఎదురుగా ఉండగానే నిన్ను ఎంచుకోవాలి అది. మేమే మీ ఇంటికొస్తాం. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా. అది ఈయన్ని పొడిచినా ఈయన రాయిలా కూర్చోవాలి. బిస్కెట్ నీ చేతిలోంచి తప్ప రాకూడదు. పదిహేను రోజులు."

"రండి" అంది దర్జీ అమ్మాయి. మొదటిసారి ఆమె మొహం విచ్చుకుంది. "కానీ మాస్టారు ఊరికే రాయిలా కూర్చుంటే ఎలా? పెదాలు చదవడం ఆయనకి సగం కూడా రాదు. పదకొండున్నర అంటే నేనే నవ్వాపుకోలేకపోయాను. ఆ పాఠం నేను చెబుతాను."

ముప్పై ఏడేళ్ల బడికి మాస్టారైన మనిషి చేతులు కట్టుకుని "అలాగే టీచరమ్మా" అన్నారు. పంతులమ్మ బిగబట్టిన నవ్వు అప్పుడు బయటపడింది. పడ్డాక ఆగలేదు. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. ఏ నీళ్లు దేనికో ఆవిడ విడదీసి చూసుకోలేదు.

మర్నాటినుంచి మకాం దర్జీ అమ్మాయి ఇంటికి మారింది. ముందుగది నిండా గుడ్డలు, గోడకి కత్తిరించిన కాగితాల నమూనాలు, కిటికీ పక్కన కుట్టుమిషను. పక్కగదిలో పాప. మిషనుకి ఒక వైపు స్టూలు మీద మాస్టారు. మధ్యాహ్నం పాప పడుకున్నాక గురుశిష్యులు ఎదురెదురుగా కూర్చుని పాఠం పెట్టేవారు. అమ్మాయి శబ్దం లేకుండా పెదాలు కదిపేది, మాస్టారు చెప్పాలి. "బాబు" అంటే "పాపు" అనేవారు, "మామ" అంటే "పాప" అనేవారు. పెదాల మీద ఆ అక్షరాలన్నీ ఒకేలా ఉంటాయని, చుట్టూ ఉన్న మాటనిబట్టి పోల్చుకోవాలని ఆమె ఓపిగ్గా చెప్పేది. తప్పుకి ఒక గుండీ చొప్పున డబ్బాలో వెయ్యాలి, ఒప్పుకి ఒకటి తియ్యాలి. మూడో రోజుకి డబ్బా నిండింది. ఐదో రోజుకి అడుగు కనపడింది. ఇంటికి వెళ్లేటప్పుడు దారి పొడుగునా పంతులమ్మ మొహంలోకే చూస్తూ నడిచేవారు మాస్టారు.

"పెళ్లికి ముందు కూడా నన్నింతగా చూడలేదు మీరు" అందావిడ ఒక సాయంత్రం. ఆ వాక్యం ఒక్కసారికే పట్టుకున్నారాయన.

కష్టమల్లా కుక్కతోనే. పాప ఏడిస్తే బొంగరం వచ్చి మాస్టారినే పొడిచేది. ఆయన కదలకూడదు. మొదటి రోజు పొడిచి, ఆగి, మళ్లీ పొడిచి, ఆయన మొహంలోకి చూసి చూసి కాళ్ల దగ్గర పడుకుంది. ఆ సాయంత్రం మాస్టారు అన్నం ముట్టలేదు. "పిలిస్తే పలక్కపోవడం ఎంత పాపమో ఇప్పుడు తెలిసింది" అన్నారు. పంతులమ్మ కంచం ఆయన ముందుకి జరిపి, వీపు మీద చెయ్యి వేసింది. నాలుగో రోజు బొంగరం ఆయన్ని పొడిచాక ఒక్కసారి అమ్మాయి వైపు చూసింది. ఆరో రోజు ఆమె దాకా వెళ్లి, పొడవకుండానే తిరిగొచ్చింది.

ఏడో రోజు పొద్దున్న పంతులమ్మ కూరగాయల సంచితో అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. కుట్టుమిషను గడగడలాడుతోంది. దర్జీ అమ్మాయి అటు తిరిగి గుడ్డ తోస్తోంది. మాస్టారు స్టూలు మీద పేపరు చదువుతున్నారు. లోపలి గదిలో పాప లేచింది. కుంయ్‌మని మొదలై ఏడుపు అందుకుంది.

పంతులమ్మ అక్కడే ఆగిపోయింది. తను మాట్లాడకూడదు, కదలకూడదు. అది తను పెట్టిన నియమమే.

బొంగరం లేచింది. మాస్టారి దగ్గరికి వెళ్లింది. మోకాలిని పొడిచింది. ఆయన కళ్లు మూసుకుని పేపరు గట్టిగా పట్టుకున్నారు. కుక్క రెండు క్షణాలు చూసింది. తిరిగింది. మిషను వైపు ఒక అడుగు, రెండడుగులు, మూడు. అమ్మాయి చీర అంచు దాకా వచ్చి ముక్కు చాపింది.

సరిగ్గా అప్పుడు లోపల పాప ఏడుపు టక్కున ఆగిపోయింది. ఆ వెంటనే బరువైన ఇనుప వస్తువేదో నేల మీద పడ్డ చప్పుడు. మిషను గడగడలాడుతూనే ఉంది. పేపరు వెనక మాస్టారి కళ్లు మూసే ఉన్నాయి.

బొంగరం చాపిన ముక్కు వెనక్కి తీసుకుంది. ఆమెని పొడవలేదు. ఈయన దగ్గరికి రాలేదు. ఏ పాఠంలోనూ లేనట్టుగా ఇద్దరినీ వదిలేసి, ఒక్క గెంతులో లోపలి గదిలోకి దూకింది.

మరుక్షణం అక్కడినుంచి కుక్క అరుపు వినిపించింది. బొంగరం మొరగడం పంతులమ్మ పుట్టి బుద్ధెరిగి వినలేదు. వినపడనివాళ్ల ఇంట్లో అరిచి లాభం లేదని, ఈ బడిలో మొట్టమొదట మాన్పించేది మొరగడమే. అయినా అది అరుస్తోంది, ఆగకుండా, గొంతు చించుకుని. ఆ ఇంట్లో చెవులున్న మనిషి ఒక్కతే ఉందని, ఆ మనిషి గుమ్మంలో నిలబడి ఉందని దానికి తెలుసు.

పంతులమ్మ సంచి అక్కడే జారవిడిచి లోపలికి పరుగెత్తింది.